మూడు ఖాళీలు

పోయిన వేసవి సెలవుల్లో మా మేనల్లుడు నా పాత లాప్‌టాప్‌ని పది రోజులు వదల్లేదు. వాడు తొమ్మిది పాసై పదికి వచ్చాడు. మందస నుంచి మహేంద్రగిరి వైపు వెళ్లే దారిలో, కొండకింద మా గూడెం. సాయంత్రం గాలి లేచిందంటే కరెంటు పోతుంది. ఛార్జింగు ఉన్నంతసేపూ ఆడడం, అయిపోయాక చీకట్లో అరుగు మీద కూర్చుని ఎవడు చంపాడో వాదించుకోవడం. నేను బడిపంతుల్ని. పిల్లల చేతిలో ఆటలుంటే లాక్కోవలసినవాణ్ణి. కానీ ఈ ఆట వాడికి చూపించిందే నేను.

ఆట పేరు ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’. లూకస్ పోప్ అనే ఆయన దాదాపు ఒంటరిగా కూర్చుని తయారుచేశాడు. 2018 అక్టోబరు 18న బయటికొచ్చింది. ఆ తేదీ చూసి నాకు నవ్వొచ్చింది. సరిగ్గా దానికి వారం ముందు, అక్టోబరు 11న, తిత్లీ తుఫాను మన ఉద్దానం మీద పడింది. కొబ్బరి, జీడి, పనస అన్నీ నేలకూలి, సెల్‌ఫోన్ ఛార్జింగు కోసం జనరేటరు ఎక్కడుందా అని తిరుగుతున్న రోజులవి. లోకంలో ఎక్కడో జనం ఈ ఆట కొనుక్కుని ఆడుతున్నారు. మా దాకా రావడానికి దానికి కొన్నేళ్లు పట్టింది, ఓడ కదా.

బొమ్మంతా నలుపు తెలుపు చుక్కలే. రంగు లేదు. “ఏటి మావయ్యా, టీవీ పాడైపోనట్టున్నాది,” అన్నాడు వాడు మొదటిరోజు. కథ ఇది. 1802లో లండన్ నుంచి తూర్పుదేశాలకు సరుకుతో బయల్దేరిన ఓడ మధ్యలో మాయమైపోతుంది. 1807లో ఒకనాడు ఇంగ్లండులోని ఫాల్‌మత్ రేవుకి దానంతటదే కొట్టుకొస్తుంది. ఎక్కినవాళ్లు అరవై మంది, ఇప్పుడు ఓడలో ప్రాణంతో ఒక్కరూ లేరు. మనం ఈస్టిండియా కంపెనీ పంపిన బీమా ఇన్‌స్పెక్టరు. ఓడలో పనిచేసిన డాక్టరు మనకో పుస్తకం, ఓ జేబు గడియారం పంపిస్తాడు. పుస్తకంలో అరవై మందికీ ఒక్కొక్కరికి మూడు ఖాళీలు పూరించాలి. ఇతనెవరు? ఎలా పోయాడు? ఎవరి చేతిలో పోయాడు?

“ఈ కంపెనీ మన కాడకి కూడా వొచ్చిందేటి?” అని అడిగాడు వాడు. 1766లో నిజాం ఉత్తర సర్కార్లు ఇచ్చేశాక మన వైపంతా ఆ కంపెనీ కిందికే పోయిందని, తర్వాత మందస గంజాం జిల్లాలో ఉండేదని చెప్పాను. “అయితే ఇప్పుడు మనం ఆళ్ల నౌకరీ సేస్తన్నామన్నమాట!” అన్నాడు. తమాషాకే అన్నాడు గాని, ఆ తర్వాత ఆడినంతసేపూ ఆ మాట నా వెనకే తిరిగింది.

గడియారం సంగతి చెప్పాలి. శవమో ఎముకలో కనబడ్డ చోట నిలబడి దాన్ని తెరిస్తే తెర నల్లబడుతుంది. ఆ మనిషి పోయే ముందు చెవినపడ్డ మాటలు, అడుగుల చప్పుళ్లు, కేకలు వినిపిస్తాయి. అంతలో ప్రాణం పోయిన ఆ క్షణం బొమ్మలా ఆగిపోతుంది. ఎగిరిన రక్తపుచుక్క గాల్లోనే ఉంటుంది. ఆ బొమ్మలో మనం అటూ ఇటూ నడిచి చూడొచ్చు. తలుపు సందులోంచి ఎవరు చూస్తున్నారు, ఎవరి చెయ్యి ఎక్కడుంది, ఎవరు లేరు. ఎవరూ మనతో మాట్లాడరు. అడిగితే చెప్పేవాళ్లు లేరు. చూడడమే.

పేరు పట్టుకోవడం అన్నిటికంటే కష్టం. ఓడలో ఉన్నవాళ్ల జాబితా ఉంది, ఉద్యోగంతో, దేశంతో సహా. ఓడలో ఒకాయన గీసిన బొమ్మలున్నాయి. ఏ బొమ్మది ఏ పేరో కలపాలి. యాసను బట్టి, టోపీని బట్టి, పక్కన ఎప్పుడూ ఎవరుంటారో దాన్ని బట్టి. ఆట పెట్టిన ఒక నియమం నాకు చాలా నచ్చింది. ఒకటి సరిగా రాయగానే ‘కరెక్టు’ అని చెప్పేయదు. ముగ్గురివి పూర్తిగా సరిపోయినప్పుడే ఆ మూడింటినీ అచ్చువేసి ఖాయం చేస్తుంది. అందుకని గుడ్డిగా రాయి విసిరి కాయ రాల్చడం కుదరదు. క్లాసులో చెయ్యెత్తి ఏదో ఒకటి అనేసి నా మొహం చూసే పిల్లలకు ఇలాంటి పరీక్ష పెడితే బాగుణ్ణనిపించింది.

కానీ ఇబ్బంది పెట్టినదీ అక్కడే ఉంది. మనిషిని బట్టతో, యాసతో, ఒంటిమీది పచ్చబొట్టుతో గుర్తుపట్టడం మా మీద ఎన్నిసార్లు జరిగిందో మాకు తెలుసు. పలాసలో బస్సెక్కగానే కండక్టరు మొహం చూసి ఊరు అడగకుండానే “కొండ మీదికా?” అంటాడు. ఇప్పుడా పని నేనూ మా మేనల్లుడూ పోటీపడి చేస్తున్నాం. ఇంకో ముచ్చట. జాబితాలో ‘ఇండియా’ అని రాసి ఉన్న నావికులు కొందరున్నారు. వాళ్లలో ఇద్దరు ప్రయాణం మొదట్లోనే జబ్బుచేసి పోతారు. అందరికంటే చివర మేం పోల్చుకున్నది వాళ్లనే. కెప్టెన్ని, దొరల్ని గంటలో పట్టేశాం. మనోళ్ల మొహాలు మాత్రం ఎవరిది ఎవరిదో తేల్చుకోలేక మూడు రాత్రులు తిప్పలుపడ్డాం.

ఇక మూడో అధ్యాయం. దాని పేరే ‘హత్య’. (ఆట ఆడదామనుకునే కుర్రాళ్లుంటే కింది రెండు పేరాలు దాటెయ్యండి. జవాబు చెప్పేస్తున్నాను.)

మొత్తం పది అధ్యాయాల్లో ఇది చిన్నది. చచ్చిపోయినవాళ్లు ఇద్దరే. మొదటివాడు నున్జియో పాస్క్వా, ఇటలీ నుంచి వచ్చిన ప్రయాణికుడు, కత్తిపోటు. రెండోవాడు హోక్-సెంగ్ లావ్. ఫార్మోజా నుంచి, అంటే ఇప్పటి తైవాన్ నుంచి, వచ్చిన రాచవారికీ వాళ్ల దగ్గరున్న పెట్టెకీ కాపలా ఉండేవాడు. పాస్క్వాను చంపిన నేరం ఇతని మీద పడింది. ఓడ మీదే శిక్ష వేసి, అందరి ముందూ తుపాకులతో కాల్చేశారు. మావాడు మొదట కాపలావాడే చంపాడని రాసేశాడు. శిక్ష వేశారంటే చేసే ఉంటాడు కదా అని వాడి లెక్క. పుస్తకం ఖాయం చేయలేదు. రెండురోజులు అలాగే ఉంది.

తాళం తర్వాతి అధ్యాయంలో దొరికింది. అక్కడ ఆ పెట్టెతో, ఆ ఫార్మోజా వాళ్లతో పడవల్లో పారిపోతున్నవాడు ఓడలో రెండో మేటు, ఎడ్వర్డ్ నికల్స్. “ఈడే! ఈడే మావయ్యా!” అని మావాడు అరిచిన అరుపుకి మా అక్క ఏం కొంపలంటుకున్నాయోనని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. వెనక్కెళ్లి పాస్క్వా బొమ్మ మళ్లీ చూశాం. మొదట్నించీ అన్నీ కళ్లముందే ఉన్నాయి. పెట్టె మీద ఎవరి కన్నుందో తెలియక మేం చూడలేదు, అంతే. చంపినవాడు నికల్స్ అని మార్చాం. ఇంక కాపలావాడి చావు మిగిలింది. ఎవరి తుపాకీ ఎటు చూస్తోందో చుట్టూ తిరిగి చూసి, కాల్చిన చెయ్యి ఎవరిదో పట్టుకుని, పేరు పెట్టాం. ఇంకో చావుతో కలిపి మూడూ టకటకా అచ్చుపడ్డాయి. నేను చప్పట్లు కొట్టాను.

మావాడు కొట్టలేదు. “మావయ్యా, ఆ తుపాకోడు ఏటి సేశాడు? కాల్సమంటే కాల్సినాడు. కాల్సమన్నోడు కెప్టెను. అసలు సంపి ఊరుకున్నోడు నికల్సు. మరి ‘ఎవరి సేతిలో’ అన్నకాడ తుపాకోడి పేరొకటే ఎందుకు రాసినాం?”

పుస్తకం అడిగింది చెయ్యి ఎవరిదని మాత్రమేనని చెప్పాను. “పుస్తకం కంపెనీది గదా,” అన్నాడు.

ఈ ప్రశ్న మందస మనిషికి కొత్తది కాకూడదు. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో వీర గున్నమ్మ పోలీసు కాల్పుల్లో చనిపోయింది. జమీందారు అడవిలో కట్టె కొట్టుకునే హక్కు కోసం రైతులు లేచిన రోజులు. పట్టుకున్నవాళ్లను తీసుకుపోతుంటే అడ్డం నిలబడింది. పేరు తెలుసు, ఎలా పోయిందో తెలుసు. మూడో ఖాళీలో ఏం రాస్తారు? ట్రిగ్గరు నొక్కిన పోలీసు పేరా, ఆర్డరిచ్చిన అధికారి పేరా, అడవికి కంచె కట్టినవాడి పేరా? మా ఊళ్లో పెద్దలు ఆ కథ చెప్పేటప్పుడు పోలీసు పేరు ఒక్కసారీ చెప్పగా నేను వినలేదు. అడవి నుంచే మొదలుపెట్టేవారు. ఆ రాత్రి మావాడికి ఆ కథంతా చెప్పాను. విని కాసేపు ఊరుకుని, మళ్లీ ఓడ దగ్గరికే వచ్చాడు.

“ఆ కాపలోడికి ఆళ్ల బాస రాదు గదా. ఆడు సేయనేదని ఆడి మాట ఆళ్లకి ఎవులు సెప్పుంటారు?”

ఛార్జింగు అయిపోయిందని చెప్పి లాప్‌టాప్ మూసేశాను. ఇంకా ఇరవై శాతం ఉంది.

నేను పదో తరగతి చదివింది ఒక హాస్టల్లో. పేరు వద్దు. మాతో పాటు కొండమీది నుంచి కొత్తగా చేరిన ఐదో తరగతి కుర్రాడొకడు ఉండేవాడు. సవర తప్ప నోట్లోంచి ముక్క వచ్చేది కాదు. ఒక ఆదివారం ఒకాయన ట్రంకుపెట్టెలో రెండొందలు పోయాయి. పెట్టె దగ్గర వీణ్ణి చూశామని ఎవరో అన్నారు. ఆఫీసుగదిలోకి పిలిచారు. వాడు చెప్పేది అర్థం కావడం లేదని నన్ను పిలిచి, “ఏమంటున్నాడో తెలుగులో చెప్పు,” అన్నారు.

వాడు చెప్పింది నాకు ఇప్పటికీ వరస తప్పకుండా గుర్తుంది. నీళ్లకెళ్లి వస్తుంటే పెట్టె మూత తీసి ఉంది. ఒకతను లోపల చెయ్యి పెట్టి ఉన్నాడు. నన్ను చూసి వెళ్లిపోయాడు. కోళ్లు దూరతాయని నేను మూత వేశాను. ఆ ఒకతను ఎవరో కూడా చెప్పాడు. ఆ మనిషి అప్పుడు అదే గదిలో, తలుపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మాకు అన్నం వడ్డించే ఇంటి మనిషి. నాకు ఇంకో మూడు నెలల్లో పరీక్షలు.

“పెట్టె మూత ముట్టుకున్నానంటున్నాడు సార్,” అన్నాను.

అబద్ధం కాదు. వాడు ముట్టుకున్నానన్నాడు. మిగతాది నేను తెలుగులోకి తేలేదు. వాడికి రెండు దెబ్బలు పడ్డాయి. మర్నాడు వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లాడు. సంక్రాంతి తర్వాత కూడా రాలేదు. నేను పాసయ్యాను, మంచి మార్కులతోనే.

టీచరుద్యోగానికి చదివేటప్పుడు కొన్ని చట్టాలు తిరగేయవలసి వచ్చింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 279వ సెక్షను ఒకటుంది. నిందితుడికి అర్థం కాని భాషలో సాక్ష్యం చెబుతుంటే, అది అతనికి అర్థమయ్యే భాషలో చెప్పి తీరాలి. ఆ తర్వాత 282 ఉంది. కోర్టులో దుబాసీగా నిలబడ్డవాడు ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి బద్ధుడు. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ ఈ రెండు మాటలూ ఉన్నాయి. పుస్తకంలో ఆ 282 చదివి, ఆ రోజు ఇంకేమీ చదవలేకపోయాను. హాస్టలు కోర్టు కాదు, నేను పదిహేనేళ్లవాణ్ణి, ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న మాటలే. తోటి ఉపాధ్యాయులు ఈ పుస్తకం చదువుతారు కాబట్టి ఒకటి చెబుతాను. చిన్నపిల్లాడి మాట తెలుగు చెయ్యమని పెద్దపిల్లాణ్ణి పిలిచేటప్పుడు, గదిలో ఇంకా ఎవరెవరు నిలబడి ఉన్నారో చూడండి. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చువేయించారు. మన రాష్ట్రంలో మాతృభాషలో చదువు మొదలుపెట్టిన ఎనిమిది గిరిజన భాషల్లో సవర ఒకటి. ఇన్ని ఉండగా ఇంకా పిల్లాడి మాట పిల్లాడే మోయవలసి వస్తోంది.

గడియారం తెరిచి చనిపోయినవాళ్ల మాట వినడం ఆట కనిపెట్టిన వింత అని చాలామంది అనుకుంటారు. మా మామ్మ చూస్తే నవ్వేది. నా చిన్నప్పుడు మా గూడెంలో కుడాన్‌బోయ్ కూర్చునేది. మనిషి పోయాక, రాయి పాతి గువార్ చేసే ముందూ తర్వాతా, ఆమె కాళ్లు చాపుకుని పాడుతూ పాడుతూ ఒళ్లు మరిచిపోయేది. అప్పుడు పోయినవాళ్లు ఒక్కొక్కరే ఆమె నోట మాట్లాడేవారు. ఒడిశా వైపు సవరల మధ్య ఉండి పియర్స్ విటెబ్‌స్కీ అనే ఆయన ఈ సంభాషణల మీదే 1993లో పెద్ద పుస్తకం రాశాడు. మా వైపు ఆ ఆచారం ఇప్పుడు దాదాపు పోయింది. కొందరు చర్చికి వెళ్తున్నారు, కొందరు గుడికి. నేను దాన్ని తిరిగి తేవాలని అనడం లేదు. అక్కడ ప్రశ్నలు ఎలా అడిగేవారో మాత్రం చెప్పాలి.

మా పెదనాన్న జ్వరంతో పోయాక మాట్లాడినప్పుడు నేను మామ్మ ఒళ్లో ఉన్నాను. నిన్ను ఏ సోనుం పట్టుకుంది, ఎక్కడున్నావు అని అడిగారు. అక్కడితో ఆగలేదు. “నేను నీళ్లడిగినరోజు నువ్వెక్కడికి పోయావు?” అని ఆయన మామ్మని అడిగాడు. మామ్మ ఏడుస్తూ, కోపంగా, “సంతకి పోయాను, ఉప్పు లేదు, నువ్వు పడుకున్నావు కదా,” అంది. “తమ్ముడు రాలేదు,” అన్నాడాయన. మా నాన్న లేచి తన సంగతి చెప్పుకున్నాడు. ఎద్దు ఎవరమ్మారు, మందు ఎవరు తెస్తామని తేలేదు, అన్నీ వచ్చాయి. మధ్యలో ఎవరో నవ్వారు కూడా. ఒక్కరోజులో తేలేది కాదు. కర్జ చేసేదాకా, ఆ తర్వాతా మళ్లీ మళ్లీ పిలిచి అడిగేవారు. మొదటిసారి ఒకటి చెప్పిన చచ్చినవాడు, ఏడాది పోయాక ఇంకోలా చెప్పేవాడు. బతికున్నవాళ్లు కూడా మొదట దాచింది తర్వాత ఒప్పుకునేవారు. గదిలో ఉన్న ప్రతివాడికీ ఆ చావులో ఎంతో కొంత వాటా తేలేది.

ఓబ్రా డిన్ చాలా గొప్ప ఆట. అచ్చుపడిన ఆ మూడు చావులు చూసినప్పుడు కలిగిన సంతోషాన్ని కాదనను. ఊహకీ రుజువుకీ తేడా మా మేనల్లుడికి నేను ఏడాదంతా పాఠం చెప్పినా అంత బాగా ఎక్కేది కాదు. అయితే అక్కడ ప్రశ్న అడిగేవాడు కంపెనీ మనిషి. ఆస్తి లెక్క, బీమా లెక్క తేలిపోతే అతని పని అయిపోతుంది. వాడికి మూడు ఖాళీలు చాలు.

సెలవులయ్యే ముందు వారం నేను ఆ కుర్రాణ్ణి వెతుక్కుంటూ వెళ్లాను. కుర్రాడేమిటి, ఇప్పుడు నా కంటే పెద్దగా కనిపిస్తాడు. జీడిపప్పు పని సీజనులో పలాస వస్తాడని, మిగతా రోజులు పోడు చేసుకుంటాడని తెలిసినవాళ్లు చెప్పారు. మందస బజారులో టీకొట్టు దగ్గర దొరికాడు. పక్కన కోవా కొనుక్కునే జనం గోల. నేను సవరలోనే మొదలుపెట్టాను. నీళ్లకెళ్లి రావడం దగ్గర్నించి, మూత, చెయ్యి, కోళ్లు, తలుపుకి ఆనుకున్న మనిషి, వాడు ఆ రోజు చెప్పిన వరసలోనే మొత్తం చెప్పాను. నేను వదిలేసింది ఎక్కడి నుంచి ఎక్కడిదాకానో కూడా చెప్పాను.

గ్లాసు కింద పెట్టి తెలుగులో అన్నాడు.

“నాకప్పుడే తెలుసన్నా. నాకు మాటాడ్డం రాదు గాని, ఇంటే తెలిసేది. నువ్వు సెప్పింది తక్కువైందని ఇన్నాను.”

ఇన్నేళ్లలో నాకు ఈ సంగతి ఒక్కసారీ తట్టలేదు. ఆ గదిలో నా మాట రెండు భాషల్లోనూ విన్నవాడు వాడొక్కడే.

ఏం మాట్లాడాలో తెలియక ఇంకో రెండు టీలు చెప్పాను. వాడు తాగలేదు, పొట్ట బాగోలేదన్నాడు. చాలాసేపు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత వాళ్ల అమ్మాయి సంగతి ఎత్తాడు. రెండో తరగతి. బళ్లో నోరు తెరవదని టీచరు అంటోందట, ఇంటి దగ్గర మాత్రం సవరలో ఊరంతా వినపడేలా మాట్లాడుతుందట. “మీ బళ్లో ఏస్తే నువ్వు సూస్తావా?” అని అడిగాడు. చూస్తానన్నాను. “సూడ్డం కాదు, అది ఏటన్నాదో మొత్తం రాసి నాకు సెప్పాల,” అన్నాడు.

జూన్‌లో ఆ పిల్ల చేరింది. దాని కోసం ఒక నోటుపుస్తకం పెట్టాను. ఎడమవైపు అది సవరలో అన్నది తెలుగు లిపిలో, కుడివైపు తెలుగు అర్థం. నెలకోసారి వాళ్ల నాన్న వచ్చి పక్కన కూర్చుంటే చదివి వినిపిస్తున్నాను. మొదటి పేజీలో ఉన్నది నా మీద ఫిర్యాదే. పంతులు గట్టిగా అరుస్తాడని. అది కూడా చదివాను.